పిల్లవాడికి ఒళ్ళు వెచ్చబడితే: బడికి పంపడమా, మానిపించడమా?

పొద్దున ఏడున్నరకు పొయ్యిమీద అన్నం ఉడుకుతూ ఉంటుంది. పిల్లవాడు ఇంకా పక్కమీదే ముడుచుకుని ఉంటాడు. నుదుటిమీద చెయ్యి వేస్తే వెచ్చగా తగులుతుంది. వాడు "బళ్ళోకి పోనమ్మా" అంటాడు. నిన్న లెక్కలు చెయ్యలేదన్న సంగతి మనకు తెలుసు. జ్వరం నిజమా, లెక్కల జ్వరమా? ఇంటాయన "నీ ఇష్టం, నువ్వే చూడు" అని కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోతాడు. బడిగంట కొట్టేలోగా తీర్పు చెప్పవలసింది తల్లి ఒక్కతే.

ఇదేదో ఇంటి గుమ్మం దాటని చిన్న సంగతి అని మనమంతా అనుకుంటాం. కాని సోదరీమణులారా, ఈ తీర్పు గురించి దేవతలూ, శాసనసభలూ, డాక్టర్లూ, ఖజానాలూ అందరూ ఏదో ఒకటి చెప్పి ఉన్నారు. దీనికి చాలా చరిత్ర ఉంది. అందులో కొంత దర్శి ప్రాంతాన్ని ఆధారం చేసుకుని మీతో చెప్పాలని ఉంది.

దర్శి ఇప్పుడు ప్రకాశం జిల్లాలో ఉంది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా అది నెల్లూరు జిల్లాలోది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి వచ్చి కలిశాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అంతా మెట్టప్రాంతం. కంది, మిరప, పొగాకు, వాన పడితే పంట, లేకపోతే వలస. పక్కనే మార్కాపురంలో పలకల గనులు. దేశంలో ఎందరో పిల్లలు ఓనమాలు దిద్దుకున్న పలకలు అక్కడి రాయే. అటువంటి చోట ఒక తల్లి ఒక రోజు ఇంట్లో ఉండిపోవడమంటే ఒక రోజు కూలి పోవడమే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

డాక్టర్లు లేని రోజుల్లో ఈ తీర్పు చెప్పింది అమ్మవారు. పిల్లకు ఒంటిమీద పొక్కులు కనపడగానే "అమ్మవారు పోసింది" అనేవాళ్ళు. గుమ్మానికి వేపరొట్ట కట్టేవాళ్ళు. పిల్లను వేరే పక్కమీద వేపాకులు పరిచి పడుకోబెట్టేవాళ్ళు. ఇంట్లో తాలింపు వెయ్యకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు, ఇంట్లోవాళ్ళు ఊరు తిరక్కూడదు. పొక్కులు మాడి, చెక్కులు కట్టాక వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళు పోస్తే అప్పుడు పిల్ల మళ్ళీ నలుగురిలోకి వచ్చేది. గుమ్మానికి వేపరొట్ట కనిపిస్తే ఆ ఇంటికి ఎవరూ పోరు. బడి మేష్టారు కూడా ఆ పిల్ల ఎందుకు రాలేదని అడగరు.

ఇది మూఢనమ్మకమని కొట్టిపారేసేముందు ఒక్క క్షణం ఆలోచించండి. ఆటలమ్మ వచ్చిన పిల్లను పొక్కులన్నీ ఎండి చెక్కులు కట్టేవరకు బడికి పంపవద్దని నేటి వైద్యశాస్త్రమూ చెబుతున్నది. మన అమ్మమ్మలు పెట్టిన గడువూ, పుస్తకంలో ఉన్న గడువూ ఇంచుమించు ఒక్కటే! పైగా ఆ తల్లి రోగిని వదిలి పనికి పోతే ఊరే తప్పుపట్టేది, ఇంట్లో ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కారు. ఆ ఆచారంలో నాకు మెచ్చదగినదిగా కనిపించేది ఇదే. తీర్పు భారం తల్లి ఒక్కదానిమీద పడకుండా ఊరంతా పంచుకున్నది.

అయితే దాని లోపాలు దానికీ ఉన్నాయి. ఆటలమ్మ పొక్కు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందునుంచే అంటుకుంటుంది. తట్టు అయితే దద్దురు కనపడటానికి నాలుగు రోజుల ముందునుంచీ అంటుతుంది. అంటే వేపరొట్ట కట్టే వేళకే పక్క బల్లమీద కూర్చున్న పిల్లకాయలకు అందవలసింది అందిపోయి ఉంటుంది. పైగా అమ్మవారని మందు ముట్టనివ్వకపోవడంవల్ల, తట్టు తరవాత వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకూ, విరేచనాలకూ ఎందరు పసిబిడ్డలు పోయారో లెక్కలేదు.

అమ్మవారి తరవాత తీర్పు చెప్పడానికి వచ్చింది సర్కారు. 1939లో, దర్శి మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. 1937 నుంచి 39 వరకు ఉన్న రాజగోపాలాచారిగారి మంత్రివర్గం కాలం అది. ఆరోగ్యశాఖ టి.ఎస్.ఎస్. రాజన్‌గారిది. ఇప్పుడు జిల్లాకు ఎవరి పేరైతే ఉందో ఆ ప్రకాశంగారు అదే మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి. ఆ చట్టంలో మన సంగతికి తగిన నిబంధన ఒకటి ఉంది. అంటువ్యాధి వచ్చిన పిల్లను, లేదా అటువంటి రోగి దగ్గర మసలిన పిల్లను బడికి పంపవద్దని ఆరోగ్యాధికారి తాఖీదు ఇస్తే, ఆ తల్లిదండ్రులు పంపరాదు. ఇక ఫరవాలేదని ఆ అధికారి చేత సర్టిఫికెట్టు పుచ్చుకున్నాకనే పంపాలి. ఆ సర్టిఫికెట్టుకు డబ్బు తీసుకోకూడదని కూడా చట్టంలోనే రాశారు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన తరవాత కూడా కోస్తా, రాయలసీమల్లో ఆ చట్టమే కొనసాగింది.

బాగానే ఉంది. కాని తాఖీదు ఇవ్వవలసిన జిల్లా ఆరోగ్యాధికారి ఎక్కడ, దర్శి పల్లెలో మూలుగుతున్న పిల్ల ఎక్కడ? దర్శికి నెల్లూరు నూరు కిలోమీటర్ల పైమాటే. మనదేశంలో బడిపిల్లలను డాక్టర్లు పరీక్ష చెయ్యడం 1909లో బరోడా నగరంలో మొదలైంది. ముప్ఫై ఏడేళ్ళ తరవాత, 1946లో భోర్ కమిటీ దేశమంతా చూసి, బడిపిల్లల ఆరోగ్యం పట్టించుకునే ఏర్పాటు దాదాపు లేనట్లేనని తేల్చింది. మళ్ళీ 1960లో శ్రీమతి రేణుకా రే అధ్యక్షతన ఇంకో సంఘం వేశారు. సంఘాలు వచ్చాయి, పోయాయి. "పంపవద్దు" అనే మాట కాగితంమీద ఉంది. పంపకపోతే ఆ పిల్లను చూసేదెవరు అనే ప్రశ్నకు మటుకు జవాబు లేదు.

ఈ జవాబు ఎక్కడ దొరికిందో తెలుసునా? చాలా దూరాన, న్యూయార్కు నగరంలో. అక్కడి బడుల్లో డాక్టర్లు వచ్చి పిల్లల కళ్ళూ, తలలూ, చర్మమూ చూసి, కళ్ళ జబ్బులు, గజ్జి, పేలు ఉన్నవాళ్ళను ఇంటికి పంపేసేవారు. వలస వచ్చిన పేదవాళ్ళ పిల్లలు. చేతికిచ్చిన చీటీ చదవడం తల్లికి రాదు, వైద్యానికి డబ్బు లేదు. పంపేసిన పిల్ల సాయంత్రం బడి వదలగానే అదే వీధిలో అదే స్నేహితులతో ఆడుకునేది. చదువు పోయింది గాని అంటు ఆగలేదు. 1902 అక్టోబరులో లినా రోజర్స్ అనే నర్సును నాలుగు బడుల్లో ప్రయోగంగా పెట్టారు. ఆమె చిన్నచిన్న జబ్బులకు బడిలోనే మందు రాసేది. ఇంటికి పంపిన పిల్లల వెంట ఇళ్ళకు వెళ్ళి, తల్లులకు కట్టు కట్టడం, కళ్ళు కడగడం చేసి చూపించేది. 1902 సెప్టెంబరులో ఆ నగరంలో ఇంటికి పంపబడ్డ పిల్లలు పదివేల పైచిలుకు. నర్సులను పెంచాక, మరుసటి సెప్టెంబరులో వెయ్యి పైచిలుకు. తొమ్మిది వంతులు తగ్గింది! పిల్లను బడినుంచి పంపడం సులువు. ఆ పిల్ల వెనకాల ఇంటిదాకా ఒక మనిషి నడిచి వెళ్ళడంలోనే ఫలితం ఉంది.

మనదేశంలోనూ ఒకసారి బడీ, ఇల్లూ అలా కలిశాయి. మశూచిని తుదముట్టించే రోజులు, 1973 నుంచి 75 వరకు. ఆరోగ్య కార్యకర్తలు పల్లెల్లోకి పోతే ముందుగా బడికి వెళ్ళేవారు. మశూచి పొక్కులున్న బిడ్డ బొమ్మ చూపించి, "ఇటువంటి జబ్బు మీ వీధిలో ఎవరికైనా వచ్చిందా?" అని పిల్లలను అడిగేవారు. పెద్దవాళ్ళు దాచినా పిల్లకాయలు దాచరు కదా! కబురు చెప్పినవారికి ఇచ్చే బహుమతి పెరిగి పెరిగి చివరికి వెయ్యి రూపాయలైంది. 1975 మే తరవాత మనదేశంలో మశూచి కేసు లేదు. 1980 మేలో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. పెద్దమ్మవారు అలా సెలవు పుచ్చుకున్నది.

ఇంతవరకు అంటుజబ్బుల మాట. దర్శి తల్లుల నుదుట ఇంకొక తీర్పు కూడా రాసి ఉంది. పిల్ల "కాళ్ళు లాగుతున్నాయమ్మా" అంటే అది బడి ఎగ్గొట్టే సాకా, నిజమైన నొప్పా? 1930ల్లో ఈ చుట్టుపట్ల రైతులు, ఎద్దులు కీళ్ళు బిగిసి నడవలేకపోవడం గమనించారు. 1937లో షార్ట్ అనే వైద్యుడూ, ఆయన సహచరులూ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను పరీక్షించి, కారణం బావినీటిలోని ఫ్లోరైడ్ అని వైద్యపత్రికలో ప్రకటించారు. మనుషులకు ఈ జబ్బు ఉన్నట్లు మనదేశంలో మొదట వెల్లడైంది అక్కడినుంచే. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, ఫ్లోరైడ్ నీళ్ళున్న పల్లెల్లో పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుపోవడాన్ని వివరించారు.

ఈ జబ్బు ఒకరినుంచి ఒకరికి అంటదు. నాలుగు రోజులు ఇంట్లో పడుకుంటే తగ్గేదీ కాదు. బడి మానిపిస్తే నష్టమే గాని లాభం లేదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడ్ ఉండకూడదంటారు. అది మించిన నీళ్ళు తాగే పిల్లకు వైద్యం మంచినీళ్ళూ, పాలూ, ఆకుకూరలూ. పళ్ళమీద గోధుమరంగు చారలు చూసి తోటివాళ్ళు వెక్కిరిస్తారని బడికి పోనని మొరాయించే ఆడపిల్లకు ధైర్యం చెప్పవలసింది కూడా మనమే. ఇక్కడ తీర్పు "పంపండి" అనే. పంపి, మంచినీళ్ళకోసం పంచాయతీని నిలదియ్యండి.

ఇప్పుడు డబ్బు సంగతి. 19వ శతాబ్దం చివర ఇంగ్లండులో బడులకు సర్కారు ఇచ్చే గ్రాంటు సగటు హాజరు మీద ఆధారపడేది. 1870 నాటి వాళ్ళ చట్టం పిల్ల జబ్బు పడితే బడికి రాకపోవడం తప్పుకాదన్నది. కాని హాజరు తగ్గితే గ్రాంటు తగ్గుతుందే! దగ్గే పిల్ల అయినా పట్టీలో ఉంటేనే బడికి మేలు. హాజరుకు డబ్బు ముడిపెట్టిన ప్రతిచోటా జబ్బుపిల్ల నలిగిపోవడం ఉన్నదే.

మన ఆంధ్రలో 2020 జనవరిలో అమ్మ ఒడి పథకం వచ్చింది. బిడ్డను చదివించే తల్లి ఖాతాలో డబ్బు వెయ్యడం నిజంగా మంచి ఊహ. 2022 నాటికి దానికి 75 శాతం హాజరు ఉండాలనే నిబంధన అమలులోకి వచ్చింది. 2025లో ఆ పథకం స్థానంలో తల్లికి వందనం వచ్చింది. ఈ శాతం మాట వినగానే చాలామంది తల్లులకు గుండె దడ. "రెండు రోజులు మానితే డబ్బు పోతుందేమో!" అని జ్వరం మాత్ర ఒకటి మింగించి పంపేవాళ్ళున్నారు. ఒక్కసారి వేళ్ళమీద లెక్క వెయ్యండి. విద్యాహక్కు చట్టం ప్రకారం అయిదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, ఆరునుంచి ఎనిమిది దాకా 220. అందులో పాతిక శాతం అంటే 50 రోజులు, 55 రోజులు. ఆటలమ్మకు పదిరోజులు, మధ్యమధ్య జ్వరాలకు మరో పదిరోజులు పోయినా మీ లెక్క చెడదు. పేరు కొట్టేస్తారన్న భయమూ అక్కర్లేదు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోగా బడినుంచి ఏ పిల్లనూ తీసివెయ్యకూడదని అదే చట్టం చెబుతున్నది.

అసలు చిక్కు ఇంకొకటి. ఇందాక గుర్తుంచుకోమన్న కూలి సంగతి ఇక్కడికి వస్తుంది. మిరపకాయ కోతల రోజుల్లో తల్లి ఇంట్లో ఉండిపోతే ఆ రోజు కూలి లేదు. మరి జబ్బుపిల్లవాణ్ణి ఎవరు కనిపెట్టి ఉంటారు? ఆ ఇంట్లో ఆరో తరగతో ఏడో తరగతో చదివే అక్క ఉంటుంది. "ఇవాళ్టికి నువ్వు మాను, తమ్ముణ్ణి చూసుకో." జ్వరం ఒకరికి, బడి మానినవాళ్ళు ఇద్దరు! తమ్ముడు నాలుగు రోజులకు లేచి బడికి పోతాడు. అక్కకు ఇవాళ తమ్ముడి జ్వరం, మరోనెల చెల్లెలి కళ్ళకలక, ఆపైన అమ్మమ్మ నడుంనొప్పి. అలా మాని మాని ఒకరోజు ఇక పోదు. హాజరుపట్టీలో ఆమె పేరు పక్కన ఏ జబ్బూ రాసి ఉండదు. జబ్బుపిల్ల బడి మానాలా అని అడిగేటప్పుడు, ఆ వెనక గుంజకానుకుని నిలబడి ఉన్న ఆరోగ్యవంతురాలైన పిల్ల వంక కూడా చూడండమ్మా.

ఇంకో మాట. 2003లో మన బడుల్లో వేడి మధ్యాహ్న భోజనం మొదలైంది. బిడ్డ ఇంట్లో ఉంటే ఆ పూట అన్నమూ ఇంట్లోనే కావాలి. నాలుగు మెతుకుల కోసం ఒంట్లో బాగాలేని బిడ్డను పంపే తల్లిని తిట్టడం సులువు. ఆమె జాగాలో నిలబడి చూడాలి.

2020 మార్చిలో కరోనా వచ్చి, ఈ తీర్పును అందరి చేతిలోంచీ లాక్కుంది. జబ్బు ఉన్నా లేకపోయినా పిల్లలందరూ ఇంట్లోనే. మన రాష్ట్రంలో బడులు ఆ ఏడాది నవంబరులో కొంత తెరిచి, 2021 ఏప్రిల్‌లో మళ్ళీ మూసి, ఆగస్టు 16న తెరిచారు. మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్ళకు అందించారు. అంటే బడి ఇంటికి నడిచి రాగలదని సర్కారుకే తెలిసివచ్చింది! ఆ రోజుల్లో దగ్గు వినపడితే చాలు, పిల్లను ఇంటికి పంపేసేవాళ్ళం. అది సద్దుమణిగాక చాలాచోట్ల మళ్ళీ పాత అలవాటే: "దగ్గేగా, పోయిరా."

మరి ఇవాళ ఏం చేద్దాం? డాక్టర్లు చెప్పే మాటలు పెద్ద కష్టమైనవేం కాదు. జ్వరం మాత్ర వెయ్యకుండానే ఒక రోజు పూర్తిగా జ్వరం లేకుండా ఉంటే పంపవచ్చు. మాత్ర వేసి పంపితే మధ్యాహ్నానికి దాని పని అయిపోతుంది, జ్వరం మళ్ళీ వస్తుంది, ఆ లోపల పక్కవాడికీ అంటుతుంది. తట్టుకు దద్దురు వచ్చిన తరవాత నాలుగు రోజులు ఆగాలి, తట్టు తగ్గాక కూడా బిడ్డ కొన్ని వారాలు నీరసంగానే ఉంటుంది, తిండి గట్టిగా పెట్టాలి. ఆటలమ్మకు చెక్కులు కట్టేదాకా. గవదబిళ్ళలకు వాపు మొదలైనప్పటినుంచి అయిదు రోజులు. కోరింత దగ్గుకు డాక్టరు ఇచ్చిన మందు అయిదు రోజులు పడేదాకా. వాంతులు, విరేచనాలు ఉంటే అవి కట్టి ఒక రోజు గడిచేదాకా. మామూలు జలుబూ, చిన్న దగ్గూ ఉండి, పిల్ల హుషారుగా తిని తిరుగుతుంటే పంపవచ్చు. ఆటలమ్మలో ఆస్పిరిన్ మాత్ర మటుకు ఇవ్వవద్దు. బిడ్డ ఎగశ్వాస పీలుస్తున్నా, నీళ్ళు కూడా తాగకపోయినా, పిలిస్తే మగతగా పలుకుతున్నా, ఫిట్స్ వచ్చినా, అప్పుడు బడి సంగతి ఆలోచించవద్దు, ఆస్పత్రికి పరుగెత్తండి.

వీటిలో సగం రాకుండా ఆపే దారీ ఉంది. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో ఇంకొకటి. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు బడిలో చేరే అయిదారేళ్ళప్పుడు ఒక బూస్టరు ఉంది. దీన్ని మరిచిపోయేవాళ్ళు చాలామంది. సర్కారు ఆస్పత్రిలో ఇవన్నీ ఉచితమే.

చివరగా, మీ ఊళ్ళో చెయ్యగలిగినవి రెండు చెబుతాను. పిల్ల బడికి రాకపోతే ఎందుకో మేష్టారికి ఆ రోజే కబురు చెయ్యండి, "జ్వరం" అనకుండా "ఒళ్ళంతా పొక్కులు" అనో, "గొంతు వాచింది" అనో వివరంగా. మేష్టారు ఆ కబురు ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎమ్ అమ్మాయికో అందిస్తే, ఆమె మీ ఇంటికి వస్తుంది, పక్క ఇళ్ళూ చూస్తుంది. ఇక రెండోది, ఇరుగుపొరుగు తల్లులు వంతులు వేసుకోవడం. కోతల రోజుల్లో ఒకరి పిల్లకు ఒంట్లో బాగాలేకపోతే, ఆ రోజు పనికి పోని పెద్దమ్మో, పిన్నమ్మో కనిపెట్టి ఉండాలి. మహిళా సంఘం సమావేశంలో అప్పుల లెక్కలతోపాటు ఈ మాట కూడా ఒకసారి ఎత్తి చూడండి. అలా జరిగితే ఆ ఇంట్లో ఆరో తరగతి చదివే అక్క జడ వేసుకుని, పుస్తకాల సంచీ తగిలించుకుని, వేళకు బడికి పోతుంది.